ఔట్‌కాస్ట్ ఆల్బమ్‌లు ఏ వరసలో వినాలి? ఒక్కోసారి అంతలా ఎందుకు మారారు?

మీరు అడిగింది క్లుప్తంగా: అట్లాంటా శివారు ఆల్ఫారెటాకి కొత్తగా వచ్చారు. ఔట్‌కాస్ట్ పాటల్లో ‘హే యా’, ‘మిస్ జాక్సన్’ తప్ప ఏవీ వినలేదు. ఆఫీసులో అట్లాంటావాళ్లు ఆ పేరంటే ప్రాణం పెడతారు, ‘ఆరు ఆల్బమ్‌లు ఆరు రకాలు’ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి, అదే ఇద్దరు అంతలా ఎలా మారారు అని.

ఔట్‌కాస్ట్ అంటే ఆండ్రే, బిగ్ బోయ్ అనే ఇద్దరు అట్లాంటా ర్యాపర్ల జంట. సూటిగా చెప్తాను. ముందు మూడో ఆల్బమ్ ‘ఆక్వెమినై’ ఒక్కసారి మొత్తం వినండి. ఆ తర్వాత మొదటిదానికి వెళ్లి, విడుదలైన వరసలో ఆరూ వినండి. ఎలా మారారన్న దానికి జవాబు: బీటు (ర్యాప్ మాటల కింద నడిచే సంగీతం) ఎవరి చేతిలో ఉంది, ఏ గదిలో తయారైంది అన్నది ప్రతి ఆల్బమ్‌కీ మారుతూ వచ్చింది. సంగీతం దాని వెంటే మారింది.

ఆక్వెమినై ముందు ఎందుకంటే, మొదటి ఆల్బమ్‌ల నిదానమూ తర్వాతి ఆల్బమ్‌ల తెగువా రెండూ అందులోనే కలిశాయి. అది పట్టుకుంటే వెనక్కి వెళ్లినా ముందుకి వెళ్లినా తోవ తప్పరు. ‘హే యా’ నచ్చింది కదా అని నేరుగా ఐదో ఆల్బమ్‌లో ఆండ్రే డిస్కు ‘ద లవ్ బిలో’ పెట్టుకున్నవాళ్లకి వచ్చే ఇబ్బంది వేరు. అందులో ర్యాప్ చాలా తక్కువ. దాంతో ఆండ్రే అంటే గాయకుడనీ, బిగ్ బోయ్ పక్కన నిలబడేవాడనీ మనసులో నాటుకుపోతుంది. ఆ లెక్కతో 1994 నాటి పాటల దగ్గరికి వెళ్తే ఏదీ చెవికెక్కదు.

ఇంకో సంగతి. హిప్‌హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే బీటు కట్టి పాటకి రూపమిచ్చేవాడు, మన సినిమా నిర్మాతలా డబ్బు పెట్టేవాడు కాదు. వీళ్ల విషయంలో పాటల పేర్లకంటే ప్రొడ్యూసర్ల పేర్లే ఎక్కువ చెప్తాయి. మొదటి ఆల్బమ్ మొత్తం ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే ముగ్గురిది: రికో వేడ్, రే ముర్రే, స్లీపీ బ్రౌన్. రెండోదాంట్లో కొన్ని బీట్లు ఔట్‌కాస్ట్ ఇద్దరే కట్టుకున్నారు. మూడు, నాలుగు ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం ఆ ఇద్దరిదే, తోడుగా వాళ్ల డీజే అయిన మిస్టర్ డీజే. ఐదోదాంట్లో ఇద్దరూ చెరో డిస్కు పట్టుకున్నారు. యాప్‌లో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్లు కనిపిస్తాయి. ప్రతి పాటకీ చూడటం అలవాటు చేసుకోండి.

వినేముందు నాలుగు జాగ్రత్తలు. మొదటిది, ఫోన్ స్పీకర్ మీద వినొద్దు. ఈ పాటల ప్రాణం 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, అంటే బాగా లోతైన బేస్‌లో ఉంది. ఫోన్ స్పీకర్ ఆ స్వరాలని దాదాపు పలకలేదు, మీకు చప్పట్లూ గొంతూ మాత్రమే మిగులుతాయి. మంచి హెడ్‌ఫోన్లలోనో, కారులోనో వినండి. కారైతే ఇంకా మేలు, అట్లాంటాలో ఈ పాటలు కారు స్పీకర్లని మనసులో పెట్టుకుని చేసినవే. రెండోది, ‘క్లీన్’ వెర్షన్ తీసుకోవద్దు. బూతు వచ్చిన చోటల్లా గొంతు కత్తిరిస్తారు, ప్రాసల గొలుసు తెగిపోతుంది. పిల్లలు కారులో ఉంటే అసలు వేరే ఏదైనా పెట్టండి. మూడోది, షఫుల్ ఆపేయండి, మధ్యలో వచ్చే మాటల ముక్కలు దాటేయొద్దు. ఒక పాట నుంచి ఇంకో పాటకి తీసుకెళ్లేది అవే. నాలుగోది, 1994 నాటి మాస్టరింగ్‌కీ (విడుదలకి ముందు చివరగా శబ్దాన్ని సరిచేసే పని) 2003 నాటిదానికీ వాల్యూమ్‌లో తేడా ఉంటుంది. యాప్‌లో వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ పెట్టుకోకపోతే పాతవి నీరసంగా ఉన్నాయని పొరబడతారు.

ఒక్కో ఆల్బమ్ మూడుసార్లు. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి మాటలు వదిలేసి బేస్, డ్రమ్స్ మాత్రమే పట్టించుకోండి. మూడోసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకోండి. మొదటిసారే సాహిత్యం తెరిస్తే కళ్లు చదువుతూ ఉంటాయి, చెవి పని మానేస్తుంది.

‘సదర్న్‌ప్లేయలిస్టికాడిలాక్‌మ్యూజిక్’, ఏప్రిల్ 1994

ఆండ్రే బెంజమిన్, ఆంట్వాన్ పాటన్ (బిగ్ బోయ్) ఈస్ట్ పాయింట్‌లోని ట్రై-సిటీస్ హైస్కూల్లో కలిసి చదివినవాళ్లు. ఈ ఆల్బమ్ వచ్చేసరికి ఇద్దరికీ పంతొమ్మిదేళ్లు నిండీ నిండని వయసు. పాటలు పుట్టింది లేక్‌వుడ్ హైట్స్‌లో రికో వేడ్ వాళ్లమ్మ ఇంటి కింద, మట్టినేల ఉన్న బేస్‌మెంట్లో. దానికే ‘డంజన్’ అని పేరు. గూడీ మాబ్ అనే ర్యాప్ బృందం కూడా అక్కడినుంచే వచ్చింది. ఆ గుంపంతటినీ కలిపి డంజన్ ఫ్యామిలీ అంటారు.

వినాల్సింది బేస్ గిటారు. అప్పటి న్యూయార్క్ ర్యాప్‌లో పాత రికార్డు నుంచి ఒక ముక్క కోసి తిప్పి తిప్పి వాయించడం ఎక్కువ. ఆర్గనైజ్డ్ నాయిజ్ డ్రమ్స్ మెషీన్ మీద పెట్టి, వాటిపైన బేస్, గిటారు, ఆర్గాన్ మనుషులతో వాయించారు. అందుకే ఒకే వరస నాలుగు నిమిషాలు నడిచినా విసుగు రాదు, ప్రతి నాలుగు బార్లకీ (బారు అంటే మామూలుగా నాలుగు బీట్ల కొలత) చేతి వాటం కాస్త మారుతుంది. ‘ప్లేయర్స్ బాల్’ నిజానికి వాళ్ల రికార్డు కంపెనీ లాఫేస్ క్రిస్మస్ సంకలనం కోసం చేసిన పాట, 1993 చివర్లో వచ్చింది. స్లీపీ బ్రౌన్ పైస్థాయి గొంతులో పాత సోల్ గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ ఛాయ వినిపిస్తుంది. ‘గిట్ అప్, గిట్ అవుట్’ ఏడు నిమిషాలకి పైనే. పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు గంజాయి, పనిలేనితనం గురించి ఒకళ్లనొకళ్లు నిలదీసుకునే పాట అది. ఇందులో గూడీ మాబ్ సీలో గ్రీన్ వర్స్ (చరణం) నాకు ఈ ఆల్బమ్ మొత్తంలో అన్నిటికన్నా బరువైనది.

ఆ రోజుల్లో ర్యాప్ అంటే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్. దక్షిణాదిలో, హ్యూస్టన్‌లో గెటో బాయ్స్, పోర్ట్ ఆర్థర్‌లో యూజీకే, మెంఫిస్‌లో ఎయిట్‌బాల్ అండ్ ఎమ్‌జేజీ ఉన్నా పత్రికలు వాళ్లకి చోటు అంతంతమాత్రమే ఇచ్చేవి. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో సోర్స్ అనే హిప్‌హాప్ పత్రిక అవార్డులు జరిగాయి. కొత్త బృందం బహుమతి ఔట్‌కాస్ట్‌కి వస్తే హాల్లో జనం ఎగతాళిగా అరిచారు. మైకు ముందు ఆండ్రే, అమెరికా దక్షిణాది చెప్పవలసింది ఒకటుందని ఒక్క వాక్యం అన్నాడు. మీ ఆఫీసువాళ్లు ప్రాణం పెట్టడానికి సగం కారణం ఆ వాక్యం. రెండో ఆల్బమ్ వినేటప్పుడు అది మనసులో పెట్టుకోండి.

‘ఏటీఎలియన్స్’, ఆగస్టు 1996

మొదటి ఆల్బమ్ డబ్బుతో వీళ్లు సొంతంగా పరికరాలు కొనుక్కున్నారు. బీటు కట్టడం అక్కడ మొదలైంది. ‘ఎలివేటర్స్’, టైటిల్ పాట వాళ్ల సొంత బీట్లు. ‘ఎలివేటర్స్’లో ఎంత తక్కువ ఉందో లెక్కపెట్టండి: లోతైన బేస్ వరస, పొడి డ్రమ్స్, ప్రతిధ్వనిలో తేలే ఒకటి రెండు శబ్దాలు. అంతే. కొత్తగా బీట్లు కట్టేవాళ్లు ట్రాకు మీద ట్రాకు పేర్చుకుంటూ పోతారు, గొంతుకి చోటు మిగలదు. వీళ్లు మొదట్లోనే ఖాళీ వదలడం నేర్చుకున్నారు. 

ఆండ్రే ఈ మధ్యలో గంజాయి, మద్యం, మాంసం మానేశాడు, తలపాగా చుట్టాడు. మాటల్లో కూడా ‘మేమిక్కడ పరాయివాళ్లం’ అన్న ధోరణి వచ్చింది, సీడీతో వచ్చిన పుస్తకం కూడా కామిక్ కథే. కానీ భూమిని వదల్లేదు. ‘ఎలివేటర్స్’ మొదట్లో వచ్చే హెడ్‌ల్యాండ్, డిలో అన్నవి ఈస్ట్ పాయింట్‌లో నిజంగా ఉన్న వీధులు, వాళ్లు ఎక్కినట్టు చెప్పే మార్టా అంటే మీరు ఎయిర్‌పోర్టుకి వెళ్లే రైళ్లు నడిపే సంస్థే. ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్, కమింగ్ వైపున్న మన తెలుగువాళ్ల అట్లాంటాకి ఇది పూర్తిగా అవతలి కొస. ఒక ఆదివారం ఈ ఆల్బమ్ పెట్టుకుని అటు కారులో వెళ్లిరండి.

2021లో వచ్చిన 25 ఏళ్ల ప్రత్యేక ముద్రణలో ఈ పాటల బీట్లు గొంతు లేకుండా విడిగా ఉన్నాయి. రెండోసారి వినడానికి అవే వాడండి.

‘ఆక్వెమినై’, సెప్టెంబరు 1998

మీరు ముందే ఒకసారి విని ఉంటారు కాబట్టి ఇప్పుడు నెమ్మదిగా. పేరు రాశుల నుంచి: బిగ్ బోయ్‌ది కుంభం, ఆండ్రేది మిథునం. ఆండ్రే వేషం మారింది, బిగ్ బోయ్ మారలేదు, విడిపోతారని జనం అనుకుంటున్న సమయమది. మొదటి ర్యాప్ పాట ‘రిటర్న్ ఆఫ్ ద జీ’లోనే ఆండ్రే ఆ మాటలకి జవాబిస్తాడు.

ఇక్కడ స్టూడియోలోకి వాయిద్యగాళ్లు గుంపుగా వచ్చారు. ‘రోజా పార్క్స్’లో బీటు ఆగి మౌతార్గాన్, చప్పట్లు, కాళ్ల తాటింపు వస్తాయి. మౌతార్గాన్ వాయించింది ఆండ్రే మారుతండ్రి, చర్చి పాస్టరు. పల్లె చర్చి ప్రాంగణం ర్యాప్ పాట మధ్యలోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది. (బస్సులో సీటు వదలనన్న నల్లజాతి హక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్ తరఫున ఈ పాట మీద 1999లో దావా వేశారు, 2005లో రాజీ కుదిరింది. పాట ఆమె గురించి కాదు, పల్లవిలో బస్సు వెనక్కి వెళ్లే మాట మాత్రమే ఉంది.) ‘స్పాటీఓటీడోపలిషస్’ ఏడు నిమిషాలు. ఇందులో ర్యాప్ లేదు, ఇద్దరూ మాటల్లో చెప్తారు. ట్రంపెట్, ట్రాంబోన్ల వరస ఒకటే, మళ్లీ మళ్లీ వస్తుంది, అయినా ప్రతిసారీ దానికోసమే ఎదురుచూస్తాం. బిగ్ బోయ్ చివర్లో చెప్పే ఉద్యోగం, బిడ్డ సంగతి జాగ్రత్తగా వినండి. ‘లిబరేషన్’ ఎనిమిది నిమిషాలు దాటుతుంది, పియానో మీద సీలో, గాయని ఎరికా బాడు పాడతారు. ‘స్క్యూ ఇట్ ఆన్ ద బార్-బీ’లో న్యూయార్క్ నుంచి వూ-టాంగ్ బృందం ర్యాపర్ రేక్వాన్ వచ్చాడు. మూడేళ్ల కిందట అదే న్యూయార్క్ హాల్లో ఎగతాళి చేశారు కదా, అందుకే అట్లాంటావాళ్లకి ఆ వర్స్ అంత ముఖ్యం. ఆ సోర్స్ పత్రికే ఈ ఆల్బమ్‌కి అయిదుకి అయిదు మైకులూ (వాళ్ల అత్యధిక రేటింగ్) ఇచ్చింది.

ఒక దురభిప్రాయం ఇక్కడే సరిచేయాలి. ‘ఆండ్రే కవి, బిగ్ బోయ్ వీధి కుర్రాడు’ అన్న విభజన తప్పు. లయ మీద పట్టు విషయంలో బిగ్ బోయ్‌కి సాటి తక్కువ. ఒక బారులో అక్షరాలు చిక్కగా పేర్చి, లోపలి ప్రాసలు వేసి, మధ్యలో అకస్మాత్తుగా సగం వేగానికి దిగుతాడు. ఆండ్రే వాక్యాన్ని బారు గీత దాటించి సాగదీస్తాడు, మాటని రాగం వైపు వంచుతాడు. ‘డా ఆర్ట్ ఆఫ్ స్టోరీటెలిన్’ మొదటి భాగంలో రెండు వర్సులూ వెంటవెంటనే వింటే తేడా తేటగా తెలుస్తుంది.

‘స్టాంకోనియా’, అక్టోబరు 31, 2000

బాబీ బ్రౌన్ స్టూడియోని కొని దానికి స్టాంకోనియా అని పేరు పెట్టుకున్నారు. సొంత గది వస్తే గంటల అద్దె గొడవ ఉండదు, ఎంత వింత ఆలోచననైనా తెల్లారేదాకా సాగించవచ్చు. దాని ఫలితం ‘బాబ్’ అని పిలిచే ‘బాంబ్స్ ఓవర్ బాగ్దాద్’. నిమిషానికి సుమారు 155 బీట్ల వేగం, ఎలక్ట్రిక్ గిటారు, ఆర్గాన్, చివర్లో చర్చి బృందగానం. మామూలు ర్యాప్ 80–100 మధ్య నడుస్తుంది. మొదటిసారి వింటే గందరగోళంగా ఉంటుంది. డ్రమ్స్ వదిలేసి గొంతుల వెంట వెళ్లండి, దారి దొరుకుతుంది.

‘మిస్ జాక్సన్’ మీకు తెలుసు. ఈసారి వెనక ఏముందో వినండి, తిరగేసి వాయించిన శబ్దాలు లోపలికి పీల్చినట్టు వస్తాయి. విడిపోయిన భార్య లేదా ప్రేయసి తల్లికి, అంటే బిడ్డ అమ్మమ్మకి, చెప్పుకునే క్షమాపణ అది. 2001 ఫిబ్రవరిలో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లింది. ఈ ఆల్బమ్ లోపమల్లా పొడవే, రెండో సగంలో ఒకటి రెండు పాటలు సన్నబడతాయి. ‘స్నాపిన్ అండ్ ట్రాపిన్’ మాత్రం దాటొద్దు, అట్లాంటా ర్యాపర్ కిల్లర్ మైక్ గొంతు లోకానికి వినిపించింది అందులోనే.

‘స్పీకర్‌బాక్స్/ద లవ్ బిలో’, సెప్టెంబరు 2003

రెండు డిస్కులు, రెండుంపావు గంటలు. ఒకేసారి వినకండి. ముందు బిగ్ బోయ్ ‘స్పీకర్‌బాక్స్’, కనీసం ఒక రోజు ఆగి ఆండ్రే ‘ద లవ్ బిలో’. ఎక్కువమంది తలకిందులుగా చేసి మొదటిదాన్ని అసలు వినరు. ‘స్పీకర్‌బాక్స్’ ఔట్‌కాస్ట్ పాత బాటకి సహజమైన కొనసాగింపు, ‘అన్‌హ్యాపీ’, ‘చర్చ్’, ‘ద వే యూ మూవ్’ గట్టి పాటలు. క్రెడిట్లు చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది: బిగ్ బోయ్ డిస్కులో మొదట వచ్చే ‘ఘెటో మ్యూజిక్’ బీటు ఆండ్రేది. చెరో డిస్కు అన్నంత మాత్రాన పూర్తిగా తెగిపోలేదు.

‘హే యా’ని చేత్తో తాళం వేసి లెక్కపెట్టండి. నాలుగు బీట్ల బార్లు మూడు, తర్వాత రెండు బీట్ల బారు ఒకటి, మళ్లీ నాలుగు బీట్లవి రెండు. మొత్తం 22. ఆది తాళం ఎనిమిదికి అలవాటుపడ్డ చెయ్యి నాలుగో బారు దగ్గర తడబడుతుంది. కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) జీ, సీ, డీ, చివర్లో ఈ మేజర్. జీ మేజర్ పాటలో అక్కడ సహజంగా రావాల్సింది ఈ మైనర్. మేజర్ పెట్టడంతో ప్రతి ఆవృతం చివరా వెలుగు ఒక్కసారిగా పెరుగుతుంది. మాటలు చూస్తే నిలవని ప్రేమ గురించి, చాలా దిగులుగా ఉంటాయి. పెళ్లి సంగీత్‌లలో దీనికి డ్యాన్స్ చేస్తారు, తప్పులేదు, కానీ మాటలు ఒకసారి చదవండి. తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉండి, చివరికి ‘ద వే యూ మూవ్’కే చోటిచ్చింది. తమ పాట స్థానంలోకి తమ పాటే. 2004లో ఈ ఆల్బమ్‌కి గ్రామీ ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ వచ్చింది. అమ్మకాల సంఖ్య చూసి కంగారుపడొద్దు, అమెరికా ధ్రువీకరణ సంస్థ ఇలాంటి పొడవైన జంట ఆల్బమ్‌లో ఒక్కో డిస్కునీ విడిగా లెక్కేస్తుంది.

‘ద లవ్ బిలో’ అంతా ఒకే స్థాయిలో ఉండదు. ‘ప్రోటోటైప్’ అద్భుతం, మధ్యలో కొన్ని పాటలు నమూనాల్లా మిగిలిపోయాయి. చివరి పాట, తన జీవితాన్ని పల్లవి లేకుండా చెప్పుకుంటూ పోయే ర్యాప్, డిస్కు మొత్తానికీ విలువ తెస్తుంది.

‘ఐడిల్‌వైల్డ్’, ఆగస్టు 2006. 1930ల నాటి జార్జియా నేపథ్యంలో వాళ్లే నటించిన సినిమాకి పాటలు. తొందరేమీ లేదు. అట్లాంటాలోని మోరిస్ బ్రౌన్ కాలేజీ మార్చింగ్ బ్యాండు వాయించిన ‘మోరిస్ బ్రౌన్’ వినండి, మిగతాది సినిమా చూసేటప్పుడు చాలు. దీని తర్వాత ఇద్దరూ కలిసి ఆల్బమ్ చేయలేదు. 2014లో మ్యూజిక్ ఫెస్టివల్ వేదికల మీద కలిసి తిరిగారు, 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.

ఆండ్రే 2023 నవంబరులో ‘న్యూ బ్లూ సన్’ ఇచ్చాడు. ఎనిమిది ట్రాకులు, 87 నిమిషాలు, ఒక్క ర్యాప్ మాట లేదు, ముఖ్యంగా ఊదే వాయిద్యాలు. ర్యాప్ ఆల్బమ్ అనుకుని పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో ఆపేస్తారు. ఆరూ విన్నాక, పని చేసుకుంటూ వినడానికి పెట్టుకోండి. ‘ఏటీఎలియన్స్’లో నేర్చుకున్న ఖాళీ వదలడం ఇందులో ఎంతదాకా వెళ్లిందో గమనిస్తారు.

బిగ్ బోయ్ సొంత ఆల్బమ్‌లలో మొదట వినాల్సింది 2010 నాటి ‘సర్ లూషస్ లెఫ్ట్ ఫుట్’. ‘జనరల్ పాటన్’లో వెర్డీ ఆపెరా బృందగానాన్ని కోసి బీటులో వాడారు, ‘షటర్‌బగ్’ కారులో పెద్దగా పెట్టాల్సిన పాట. పాత రికార్డు కంపెనీ ఒప్పుకోకపోవడంతో ఆండ్రే గొంతు ఉన్న పాటలు ఇందులో రాలేదు. అయినా క్రెడిట్లు తెరిచి ‘యూ ఎయింట్ నో డీజే’ దగ్గర చూడండి, ఆ బీటు ఆండ్రే కట్టిందే.